ముసలి ముఖానికి ఇంగ్లీషు మాటలు

నెల్లూరులో డిగ్రీ చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ నేను అప్పుడప్పుడు ఒక అభ్యాసం ఇస్తుంటాను. ఇంట్లోనో వీధిలోనో బాగా తెలిసిన ఒక పెద్దవయసు మనిషి ముఖాన్ని, పేరు చెప్పకుండా, ఎరిగినవారు చదివితే ఇట్టే పోల్చుకునేటట్టు, ఒక పుటలో ఇంగ్లీషులో వర్ణించమంటాను. వచ్చే కాగితాల్లో 'రింకిల్స్' ఉంటాయి, 'గ్రే హెయిర్' ఉంటుంది, ఆపైన ఆ మనిషి మంచితనాన్ని గురించి నాలుగు వాక్యాలు ఉంటాయి. ముఖం మాత్రం కనిపించదు. కాస్త శ్రద్ధ ఉన్న పిల్లలు పర్యాయపద నిఘంటువు తెరిచి, 'క్రీజ్', 'ఫోల్డ్', 'లైన్', 'ఫర్రో', 'పకర్' అని వరుసగా పేర్చి ఉన్న మాటల్లో తమకు నచ్చినదాన్ని ఏరుకుంటారు, దాంతో వ్యవహారం మరికొంత చెడుతుంది. ఎందుకంటే ఆ మాటలు ఒకదానికి ఒకటి బదులు వాడదగినవి కావు. ఇంగ్లీషువారు ముడతలకు పెట్టుకున్న పేర్లలో చాలావాటి వెనుక ఆ ముడత దేనివల్ల పడిందన్న ఊహ దాగి ఉంటుంది. నవ్వు వల్లనా, ఎండ వల్లనా, పళ్లు ఊడిపోవడం వల్లనా, ఎముక గుల్లబారడం వల్లనా అన్నది తేలితే తప్ప సరైన మాట దొరకదు. తరగతిలో విడివిడిగా చెబుతూ వచ్చిన ఈ సంగతుల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా కదలికల వల్ల పడే గీతలు. ముఖంలోని కండరాలు చాలాచోట్ల నేరుగా చర్మానికే అతుక్కుని ఉంటాయి. కండరం ముడుచుకున్నప్పుడల్లా పైచర్మం దానికి అడ్డంగా మడత పడుతుంది. నుదుటి కండరం నిలువుగా లాగుతుంది కనుక నుదుటిమీది గీతలు అడ్డంగా ఉంటాయి. కనుబొమలను దగ్గరికి చేర్చే కండరం ఇంచుమించు అడ్డంగా లాగుతుంది కనుక వాటి నడుమ నిలువు గీతలు పడతాయి. ఇవి 'ఫ్రౌన్ లైన్స్'. తరచుగా రెండు గీతలు పక్కపక్కనే ఉండటం చేత అమెరికాలో వీటిని 'ఎలెవెన్స్' అని, అంటే 11 అంకె పేరుతో, పిలవడం కూడా ఉంది. ముడతలు తీయడానికి బొటాక్స్ సూదిమందును వాడుకోవచ్చునని అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ మొదట 2002లో అనుమతించింది ఈ నిలువు గీతల కోసమే. కంటి కొసల గీతలకు 2013లోను, నుదుటి గీతలకు 2017లోను అనుమతి వచ్చింది. కంటి చుట్టూ ఉన్న కండరం గుండ్రంగా ఉండటం వల్ల కంటి కొస నుంచి గీతలు కణత వైపు విచ్చుకుంటాయి. ఇంగ్లీషువారికి అవి కాకి పాదాల్లా తోచి 'క్రోస్ ఫీట్' అన్నారు. 14వ శతాబ్దంలో ఛాసర్ నాటికే ఆ పోలిక కవిత్వంలోకి ఎక్కింది. ఫ్రెంచివారికి అదే చోట పెద్దబాతు పాదం, స్పెయిన్‌వారికి కోడిపుంజు పాదాలు కనిపించాయి. మనవాళ్లు ఏ పిట్ట జోలికీ పోకుండా కంటి కొసల ముడతలు అని ఊరుకున్నారు.

'లాఫ్ లైన్స్' అన్న మాట దగ్గర నేను పిల్లలను ఆపుతాను. ముక్కు పక్క నుంచి నోటి కొస దాకా దిగే మడతకూ, కంటి కొసల గీతలకూ కూడా ఈ మాట వాడతారు. వాడామంటే ఆ మనిషి జీవితమంతా నవ్వుతూ గడిచిందని పాఠకునికి హామీ ఇచ్చినట్టే. అల్లూరు మండలంలోని ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో పనిచేసిన తన అవ్వను గురించి ఒక అబ్బాయి ఈ మాట రాశాడు. ఆమెను చూడటానికి అతనితోపాటు నేనూ వెళ్లాను. వసారాలో ఎదురుగా కూర్చుని కంటి కొసలను కాసేపు పరీక్షగా చూస్తుంటే, "ఏందబ్బయా, అట్టా చూస్తుండావు? నా మొగాన ఏమన్నా రాసుండాదా?" అని అడిగింది. మనవడు ఏదో సర్దిచెప్పాడు, నేను చూడటం మానలేదు. నీడపట్టున ఆమె ముఖం సడలి, గీతలు విచ్చుకున్నప్పుడు, ఒక్కొక్క గీత లోపలి చర్మం చుట్టూ ఉన్న చర్మంకంటే ఒక ఛాయ తేటగా, దారపు పోగంత సన్నటి చారగా బయటపడింది. కళ్లు చిట్లించుకుని పనిచేసినంతసేపూ మడత లోపలికి ఎండ పోదు. బయటి చర్మం కమిలి నల్లబడుతుంది, లోపలిది తన రంగులోనే ఉండిపోతుంది. తెల్లటి ఉప్పు మీద పడి తిరిగి కళ్లలో కొట్టే ఎండకు ఏళ్ల తరబడి చిట్లించిన కళ్లవి. ఆమె సరదా మనిషే, నోరారా నవ్వుతుంది, కానీ ఆ గీతలు నవ్వు వల్ల వచ్చినవి కావు. ఇంగ్లీషులో 'స్క్వింట్ లైన్స్' అనవచ్చు. అంతకంటే ఆ తేట చారలను ఉన్నవి ఉన్నట్టు రాస్తే పేరు కోసం వెతుక్కోవలసిన పనే ఉండదు.

పడుచువాళ్లకు కూడా నవ్వితే గీతలు పడతాయి, నవ్వు ఆగగానే మాయమవుతాయి. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్, లాగి వదిలితే చర్మాన్ని మళ్లీ యథాస్థితికి తెచ్చే ఎలాస్టిన్ దెబ్బతిన్నకొద్దీ గీత పడినచోటనే నిలిచిపోతుంది. అమెరికా చర్మవైద్యుడు రిచర్డ్ గ్లోగావ్ ఎండకు ముదిరిన చర్మాన్ని ఈ లెక్కనే నాలుగు రకాలుగా విభజించాడు. ముడతలు లేకపోవడం ఒకటి, ముఖం కదిలితే ముడతలు కనిపించడం రెండు, కదలకపోయినా ముడతలు ఉండటం మూడు, ముడతలు తప్ప మరేమీ లేకపోవడం నాలుగు. వైద్యుల వర్గీకరణల్లో ఇంత తేటగా ఉన్నది నేను మరొకటి చూడలేదు. వర్ణించేవారికి నడుమ ఉన్న రెండు రకాలే ముఖ్యం. ముఖం కదులుతున్నదా, ఊరకే ఉన్నదా అన్నది తేల్చుకోకుండా గీతల మాట ఎత్తకూడదు.

ముఖాన్ని ముదిరించడంలో వయసుకంటే ఎండదే పైచెయ్యి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో 69 ఏళ్ల ఒక డ్రైవరు ఫొటో వచ్చింది. అతడు 28 ఏళ్లపాటు సరుకుల బండి నడిపాడు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఎప్పుడూ అతని ఎడమ చెంప మీదనే పడింది; ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకాన్ని అద్దం చాలావరకు ఆపుతుంది, 'ఎ' రకాన్ని అంతగా ఆపలేదు, ఆ 'ఎ' రకమే చర్మంలో లోతుగా దిగి కొల్లాజెన్‌ను చెరుస్తుంది. ఫొటోలో ఎడమ సగం దళసరిగా, మడతలు మడతలుగా వేలాడుతుంటే కుడి సగం ఎంతో చిన్నవాడిదిలా ఉంది. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. 16వ నంబరు జాతీయ రహదారి మీద మనుబోలు దగ్గరో, సింగరాయకొండ దగ్గరో టీ తాగడానికి దిగిన పాతకాపు లారీ డ్రైవర్లను చూసేటప్పుడు ముఖాన్ని గుండుగుత్తగా చూడక, కుడి చెంపనూ ఎడమ చెంపనూ వేరువేరుగా చూడమని పిల్లలకు చెబుతాను.

ఇలా ఎండకు, గాలికి రాటుదేలిన చర్మానికి ఇంగ్లీషులో 'వెదర్‌బీటెన్', 'లెదరీ' అన్న మాటలున్నాయి. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా మన తీరంలో వేటకు పోయే పెద్దలకు ఇవి చక్కగా అతుకుతాయి. అయితే ఎండ చేసిన పని అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ముఖం మీద కాదు, మెడ వెనుక. వంగి నాట్లు వేసినవారి, కలుపు తీసినవారి మెడ వెనుక చర్మం దళసరి కట్టి, ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వజ్రాకారపు గళ్లుగా విడిపోయి ఉంటుంది. వైద్యులు దీన్ని 'క్యూటిస్ రాంబాయిడాలిస్' అంటారు. అదే మనిషి చెయ్యి పైకెత్తినప్పుడు భుజం కింద లోపలివైపు చర్మాన్ని చూడండి, అక్కడ గళ్లు ఉండవు, నలుపు ఉండదు. పలచబడి, వేలితో కదిపితే సన్నసన్నగా ముడుచుకునే చర్మం ఉంటుంది. వయసు ఒక్కటే చేసిన పని అది. దానికి 'క్రేపీ' అన్న మాట సరిపోతుంది, క్రేప్ గుడ్డను చేత్తో ముట్టుకున్నవారికి ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పనక్కరలేదు. మెడ వెనుకకు క్రేపీ అన్నా, భుజం కింద లెదరీ అన్నా వాక్యం అబద్ధమవుతుంది.

నిఘంటువు కలిపి పేర్చిన మిగిలిన మాటల సంగతి చూద్దాం. 'ఫర్రో' అంటే నాగటి చాలు, దానికి లోతు ఉండాలి, సాగు ఉండాలి, చాలావరకు నుదురే దాని చోటు. 'లైన్' లోతు లేనిది. 'ఫోల్డ్' అనాలంటే రెండు పక్కలా కొంత కండ ఉండి, ఒకటి మరొకదాని మీదికి వాలాలి. 'క్రీజ్' నొక్కుడు వల్ల పడేది. ఇస్త్రీ పంచె మడతకు, అరచేతి రేఖకు, దిండుమీద చెంప ఆనించి పడుకుని లేచినవారి ముఖం మీది గీతకు ఇదే మాట. ఉగ్గుపాలు తాగే పసిబిడ్డ మణికట్టు మీద కూడా క్రీజ్ ఉంటుంది కనుక, వయసు చెప్పే పని ఒక్క ఈ మాట మీద పెట్టడం నాకు ఇష్టం ఉండదు. రొయ్యల చెరువుల్లో నీళ్లలో నానిన వేళ్ల ముడతలకూ వయసుకూ సంబంధమే లేదు. ఎండిన ప్లమ్ పండు పేరు మీద వాటిని 'ప్రూనీ' అంటారు. చర్మం నీరు పీల్చుకుని ఉబ్బడం వల్ల అవి వస్తాయని చాలామంది అనుకుంటారు గాని, నరాలు ఇచ్చే ఆజ్ఞతో వేలికొసల రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల వస్తాయి, నరం తెగిన వేలికి ఎంత నానినా ముడత రాదు.

'పకర్' నోటి మాట. దారం లాగితే గుడ్డ కుచ్చుకట్టినట్టు పెదవుల చుట్టూ చర్మం లోపలికి ముడుచుకోవడం అది. పళ్లు ఊడిపోయాక వాటిని పట్టుకుని ఉన్న దవడ ఎముక కూడా క్రమంగా కరిగిపోతుంది, పెదవులకు వెనుక ఆసరా పోతుంది, నోరు లోపలికి వాలి, ముక్కు గడ్డానికి దగ్గరవుతుంది. బోసినోరు అని మనం ఒక్క మాటలో తేల్చే ఈ రూపాన్ని ఇంగ్లీషులో రాయాలంటే 'టూత్‌లెస్' ఒక్కటే చాలదు, ఆ కుచ్చునూ ఆ వాలునూ కూడా చెప్పాలి. పైపెదవి మీద మాత్రమే నిలువు గీతలుంటే వాటికి 'స్మోకర్స్ లైన్స్' అన్న పేరు ఉంది. పొగతాగేవారి ముఖానికి ప్రత్యేక లక్షణాలున్నాయని 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలన తరువాత 'స్మోకర్స్ ఫేస్' అన్న మాట కూడా వైద్యుల నోట నిలిచింది. పొగ కొల్లాజెన్‌ను చెరుస్తుంది, పీల్చడానికి పెదవులు మాటిమాటికీ బిగించడం గీతలు వేస్తుంది. అయితే ఒక్క పొగ కూడా తాగని స్త్రీలకు సైతం వయసుతో ఆ గీతలు వస్తాయి. పొగాకు పండే ఒంగోలు, కొండపి ప్రాంతాల పిల్లలు తమ పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు ఈ పేరు వాడే ముందు చుట్ట అలవాటు ఉన్నదో లేదో కనుక్కుని రాయడం మర్యాద.

నడుము వంగడం ముసలితనపు గుర్తుల్లో అందరూ రాసేది. 'స్టూప్డ్ విత్ ఏజ్', అంటే వయసుతో వంగిన, అన్న పదబంధం పిల్లల కలం కొసనే ఉంటుంది. మెడ కింద వీపు గూనిగా పైకి లేవడాన్ని ఇంగ్లీషులో చాలాకాలం 'డౌవజర్స్ హంప్' అన్నారు. డౌవజర్ అంటే భర్త ఆస్తో బిరుదో సంక్రమించిన గొప్పింటి వితంతువు. ముట్లుడిగాక ఎముక గుల్లబారి, వెన్నుపూసలు ముందువైపు నలిగి, ఒకవైపు పలచని చెక్కల్లా తయారై, వాటిమీద నిలిచిన వెన్ను ముందుకు ఒరగడం దాని అసలు కారణం.

కానీ కనిగిరి వైపు నుంచి వచ్చిన పిల్లలు 'స్టూప్డ్ విత్ ఏజ్' అని రాస్తే నేను తప్పకుండా ఒక ప్రశ్న వేస్తాను: ఆ మనిషి వయసెంత, ఏ బావి నీళ్లు తాగి పెరిగాడు? ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్టప్రాంతాల్లో భూగర్భజలంలో ఫ్లోరైడ్ బెడద తరాలుగా ఉన్నది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన ఫ్లోరైడ్, అంతకు మించి ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే, ఎముకలోనూ కీళ్లను కట్టి ఉంచే తంతువుల్లోనూ పేరుకుంటుంది. తంతువులు సున్నం పట్టి గట్టిపడతాయి, వెన్ను కొయ్యబారుతుంది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తంగా తిరగవలసి వస్తుంది. గుల్లబారిన వెన్నులో ఎముక పలచబడితే, ఫ్లోరైడ్ పట్టిన వెన్నులో ఎముక మామూలుకంటే చిక్కబడుతుంది. కారణాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం, చూపులకు మాత్రం రెండూ వంగిన నడుమే. నలభై దాటీదాటని మనిషి కూడా ఆ జబ్బుతో కర్ర పట్టవచ్చు. పళ్లు చూస్తే కొంత గుట్టు తెలుస్తుంది. పళ్లు ఏర్పడే పసితనంలోనే ఫ్లోరైడ్ ఎక్కువైనవారికి పంటి పింగాణీ మీద సుద్దమచ్చలో గోధుమరంగు చారలో జీవితాంతం ఉండిపోతాయి. అటువంటి మనిషిని వయసుతో వంగాడని రాస్తే నీళ్లు చేసిన నేరాన్ని ఏళ్ల మీదికి నెట్టినట్టవుతుంది, నేను ఆ వాక్యానికి మార్కులు వేయను.

చర్మం రంగు దగ్గర మరొక చిక్కుంది. ఈ మాటల్లో చాలా భాగం తెల్లవారి ముఖాలను చూసి పుట్టినవి. 'లివర్ స్పాట్స్' అన్న పేరు ఉన్నా వాటికీ కాలేయానికీ ఏ సంబంధమూ లేదు. ఎండ పడే చేతుల మీద, ముఖం మీద పెద్దవయసులో వచ్చే గోధుమరంగు మచ్చలవి, తెల్లటి చర్మం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కనుక ఎండ దెబ్బ కొంత కాచుకుంటుంది, ముడతలు వారికంటే ఆలస్యంగా వస్తాయి, ముందుగా మారేది రంగు. కళ్లకింద, నుదుటి పక్కల, నోటి చుట్టూ నలుపు చిక్కబడుతుంది. చెంపల మీద, మెడ మీద ఆవగింజంత నల్లటి పులిపిర్లు లేస్తాయి. మోకాలి కింద, ముంజేతుల మీద వడ్లగింజకు మించని తెల్లటి చుక్కలు తేలతాయి. బొల్లి అనుకుని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిన సందర్భాలు నాకు తెలుసు గాని అవి ఎవరినీ ఏమీ చేయని వయసు చుక్కలు. నా దగ్గరికి వచ్చే వర్ణనల్లో వీటి ప్రస్తావన ఉండదు, ఇంగ్లీషు కథల్లో పిల్లలు వీటిని చదివి ఉండరు కాబట్టి. తమ జేజి చెంప మీద లేని లివర్ స్పాట్స్ రాస్తారు, ఉన్న పులిపిర్లను వదిలేస్తారు.

అలా వదిలేసేవాటిలో నాకు మిక్కిలి బాధ కలిగించేవి చెవులు. బరువైన కమ్మలు ఏళ్ల తరబడి మోసిన తమ్మె కిందికి సాగి, కుట్టిన రంధ్రం నిలువు చీలికగా పెరిగి, కొందరిలో ఒకపక్క పూర్తిగా తెగి రెండు కొసలుగా వేలాడుతుంది. కమ్మ తీసి తమిళ పద్ధతిలో చిన్న దుద్దు పెట్టుకున్నా ఆ చీలిక దాగదు. దీనికి ఇంగ్లీషులో సిద్ధంగా ఉన్న మాట ఏదని ఒక అమ్మాయి అడిగింది. ఒక్క మాట లేదు, చూసింది మూడు వాక్యాల్లో రాయమన్నాను, ఆ ఏడు వచ్చిన కాగితాలన్నిటిలోకీ ఆమెదే బాగుంది.

ఇక ముఖాన్ని చూపించకుండా తీర్పు చెప్పే మాటలు. 'హాగర్డ్', 'కేర్‌వోర్న్' అన్నవి అలసటకు, చింతకు చెందినవి. నిద్రలేని పాతికేళ్ల బాలింత కూడా హాగర్డ్ కావచ్చు. 'విజెన్డ్' అంటే ఎండి, కుంచించుకుపోవడం, బొద్దుగా ఉన్న ముసలాయనకు అది పనికిరాదు. బండరాయి వంటి ముఖాన్ని 'క్రాగీ' అని, నెరిసిన గడ్డాన్ని 'గ్రిజిల్డ్' అని మెచ్చుకోలుగా వాడతారు, ఆ మెచ్చుకోలు దాదాపు ఎప్పుడూ మగవాళ్లకే దక్కుతుంది. ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి 'హాగ్', 'క్రోన్' అన్న తిట్లు సిద్ధంగా ఉంటాయి. ఈ విషయంలో ఆ భాషను వెనకేసుకుని రావడానికి నా దగ్గర ఏమీ లేదు. 'సెనైల్' అన్న మాటకు ఒకప్పుడు ముసలితనానికి సంబంధించినది అని మాత్రమే అర్థం, ఇప్పుడు మతి చెడినవారిని ఈసడించే మాటగా మిగిలింది. కంటి శుక్లాన్ని సెనైల్ క్యాటరాక్ట్ అన్న వైద్యులే వయసు సంబంధమైన శుక్లం అని పేరు మార్చుకున్నారు.

'స్ప్రై', అంటే ముసలితనంలోనూ చురుకుగా ఉన్న, అన్న మాట పైకి పొగడ్తలా ఉంటుంది. శనివారం నాడు మాలకొండ మెట్లెక్కిన డెబ్బై ఏళ్ల తాతను స్ప్రై అంటారు, వెనకాలే రొప్పుతూ ఎక్కిన మనవణ్ణి ఎవరూ అలా అనరు. ఈ మాట కనిపిస్తే కొట్టేసి, తాత ఎక్కడెక్కడ ఆగాడో, ఏ చేత్తో మోకాలు పట్టుకున్నాడో రాసుకుని రమ్మంటాను.